కొడి కట్టని వత్తి

క్రొవ్వొత్తి మండుచున్నదని మనము వాడుకగా అందుము గాని, నిజమునకు మండునది మైనమును కాదు, వత్తియు కాదు. జ్వాల వేడికి కరగిన మైనము కేశనాళికాకర్షణముచే వత్తి పోగుల సందులగుండ ఎగబ్రాకి, కొనకు చేరి ఆవిరియై, ప్రాణవాయువుతో కూడినపుడు మాత్రమే దహనము సంభవించుచున్నది.

1860 డిసెంబరులో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు బాలబాలికల కొఱకు క్రొవ్వొత్తిని గూర్చి ఆఱు ఉపన్యాసములు ప్రారంభించిన మైకేల్ ఫారడే, ఈ సత్యమును కన్నులకు కట్టినట్లు నిరూపించెను. జ్వాల నడుమ వత్తిని ఆవరించియున్న నల్లని భాగమునందు వంపు గాజుగొట్టపు కొన నుంచి, అందుండి వెడలివచ్చిన ఆవిరిని దూరముగా వెలిగించి చూపెను. అంతటి పండితుడు పిల్లల యెదుట నిలిచి, ఒక్క క్రొవ్వొత్తినుండి రసాయనశాస్త్రము నంతటిని విప్పి చెప్పిన ఆ ఘట్టము, విజ్ఞానచరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైనది.

ఆ నలుపునకు వెలుపల, వేడికి విచ్ఛిన్నమైన ఆవిరినుండి పుట్టిన అంగారక రేణువులు కాగి ప్రకాశించుటయే మనకు కనబడు పసుపు వెలుగు. మసియే వెలుతురునకు మూలమనిన వింతగా తోచవచ్చును; కాని ఆముదపు దీపముపై పళ్ళెము బోర్లించి కాటుక పట్టిన ఇల్లాండ్రకు ఆ మసి చిరపరిచితమే.

పూర్వము ఐరోపాలో పశువుల క్రొవ్వుతో చేసిన దీపములలో, మెలిపెట్టిన నూలువత్తి జ్వాల నడుమనే నిటారుగా నిలిచి, అచట ప్రాణవాయువు చాలక, పూర్తిగా కాలక, కొడికట్టి పొగలు చిమ్ముచుండెడిది. మాటిమాటికి కత్తెరతో కొడి త్రుంచుట తప్పెడిది కాదు. నాటకశాలలయందు ఆ పనికై మనుష్యులనే నియమించెడివారు. 1825లో ఫ్రాన్సు దేశమునందు షెవ్రోల్, గే-లుస్సాక్ అను రసాయనవేత్తలు, క్రొవ్వునుండి గ్లిజరినును వేఱుచేయగా లభించిన గట్టి ఆమ్లములతో క్రొవ్వొత్తులు చేయుటకు పేటెంటు పొందిరి. వారి కీర్తి తగినదే. అయినను, ఇంచుమించు ఆ కాలముననే కాంబాసెరెస్ అను నాతడు కల్పించిన జడవత్తికి అంతకు మించిన ప్రశంస చెల్లవలెనని నా అభిప్రాయము.

జడగా అల్లిన పోగుల బిగువుచే, కాలుచున్నకొలది వత్తి కొన ఒక ప్రక్కకు వంగును. వంగి జ్వాల అంచును దాటును. అచట ప్రాణవాయువు సమృద్ధిగా నుండుటచే కొన ఎఱ్ఱగా కాగి బూడిదయగును. బోరికామ్లము వంటి రసాయనముల ద్రావణములో వత్తిని ముందుగా నానవేసినచో ఆ బూడిదయు కరగి రాలిపోవును. మైనము తరిగి వత్తి బయటపడినకొలది, కొన అంతకంతకు వెలుపలికి జరిగి కాలిపోవుచుండుటచే, ఎవరి చేయియు తగులకయే జ్వాల ఎత్తు ఇంచుమించు సమముగా నిలుచును.