చిన్న ఇంజిన్ ఎక్కిస్తే క్వాడ్ పిల్లలదైపోతుందా?

నాలుగు లావుపాటి చక్రాలు, బైక్ హ్యాండిల్, చెరోపక్క కాలు వేసి కూర్చునే సీటు. క్వాడ్ మన దగ్గర రిసార్టుల్లో అద్దెకు తిప్పే సరదా బండి. అమెరికాలో దానితో మోటోక్రాస్ పోటీలు జరుగుతాయి. పిల్లలకు 50, 70, 90 సీసీ తరగతులు వేరుగా ఉంటాయి. చిక్కంతా 90 దాటాకే. ఎదిగే పిల్లలకు అది చాలదు, పెద్దల 450 సీసీ రేసు బండి చేతికి లొంగదు. ఈ రెంటికీ మధ్య రేసుకు పనికొచ్చే బండి షోరూములో దొరకడం కష్టం. అందుకే కొందరు తల్లిదండ్రులు పెద్ద ఫ్రేములోంచి ఇంజిన్ దింపి, చిన్నది ఎక్కిస్తారు. పనిలో తప్పు లేదు కానీ దాని చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: సీసీ తగ్గితే జోరు తగ్గినట్టే.

వాస్తవం: సీసీ చెప్పేది సిలిండర్ కొలత మాత్రమే. హోండా 400ఈఎక్స్ క్వాడ్‌లో ఉన్నది 397 సీసీ ఇంజిన్. గాలికి చల్లబడే రకం, తాపీగా తిరుగుతుంది. అదే కంపెనీ మోటోక్రాస్ బైక్ సీఆర్‌ఎఫ్250ఆర్‌లో ఉన్నది 249 సీసీయే. అయినా నిమిషానికి 13 వేల చుట్ల దాకా తిరిగి, శక్తిలో 400ని మించిపోతుంది. పైగా ఆ శక్తి కింది చుట్లలో పెద్దగా కనిపించదు, పైకి వెళ్లాక ఒక్కసారిగా అందుకుంటుంది. అలవాటు లేని చేతికి 400 కన్నా అదే ఎక్కువ ప్రమాదం. టూ స్ట్రోక్ అయితే లెక్క ఇంకా మారుతుంది. మోటోక్రాస్ నిబంధనల్లో 250 టూ స్ట్రోక్‌కు 450 ఫోర్ స్ట్రోక్ సరిజోడు.

అమెరికా ప్రభుత్వం కూడా ఈ సంగతి గుర్తించింది. 1988లో తయారీదారులతో కుదిరిన ఒప్పందం వయసును సీసీకి ముడిపెట్టింది. 2009 నుంచి తప్పనిసరైన ప్రమాణం మాత్రం వేగాన్ని చూస్తుంది: 6 ఏళ్లు దాటినవారి బండి గంటకు 15 మైళ్లు, 10 లేదా 12 దాటినవారిది 30 మైళ్లు మించకూడదు.

అపోహ: ఇంజిన్ చిన్నదైతే బండి పిల్లలకు సరిపోతుంది.

వాస్తవం: యమహా వైఎఫ్‌జడ్450ఆర్ పెట్రోలుతో కలిపి సుమారు 184 కిలోలు. ఇంజిన్ మార్చితే అందులో కొంతే తగ్గుతుంది. ఫ్రేము, వెనక ఇరుసు, చక్రాలు అలాగే ఉంటాయి. తిరగబడితే 45 కిలోల పిల్లాడి మీద పడేది ఆ బరువే. సైజు చూడాలంటే పిల్లాణ్ని ఫుట్‌పెగ్‌ల మీద నిలబెట్టండి. సీటుకూ అతనికీ మధ్య 3 నుంచి 6 అంగుళాల ఖాళీ ఉండాలి. కూర్చున్నప్పుడు మోచేతులు కొంచెం వంగి ఉండగానే హ్యాండిల్ అందాలి, బ్రేకు లివర్ మీద వేళ్లు పూర్తిగా చుట్టుకోవాలి. ఇవి కుదరకపోతే ఇంజిన్ ఏదైనా ఒకటే.

షాక్ అబ్జార్బర్ల సంగతి చాలామంది మరిచిపోతారు. పెద్దవాళ్ల బరువుకు పెట్టిన స్ప్రింగులు పిల్లలు ఎక్కితే సరిగా కుంగవు. బండి గతుకు మింగకుండా ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి మెత్తని స్ప్రింగుల ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

అపోహ: బోల్టులు కలిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు కష్టం చైను దగ్గర వస్తుంది. ఇంజిన్ బయటికొచ్చే ముందు స్ప్రాకెట్, ఇరుసు మీది వెనక స్ప్రాకెట్ ఒకే గీతలో ఉండాలి. వెనకదాని చదునైన ముఖానికి ఇనుప స్కేలు ఆనించి ముందుకు చూస్తే ఎంత పక్కకు పోయిందో తెలిసిపోతుంది. కొద్ది మిల్లీమీటర్ల తేడా కూడా పళ్లను ఒకవైపే అరగదీస్తుంది, పరుగులో చైను ఊడేలా చేస్తుంది. మౌంటింగ్ ప్లేట్లకు వెల్డింగ్ పెట్టేముందే ఇది సరిచూసుకోవాలి. కొన్ని ఇంజిన్ల జోలికి అసలు పోకపోవడమే మేలు. హోండా టీఆర్‌ఎక్స్250ఎక్స్ ఇంజిన్ చక్రాలను చైనుతో కాదు, షాఫ్ట్‌తో తిప్పుతుంది. దాన్ని చైను ఫ్రేములోకి ఇరికించడం దండగ పని. ఆ తర్వాత వైరింగు, రేడియేటర్, థ్రాటిల్ కేబుల్ ఉంటాయి. బైక్ ఇంజిన్‌కు మెలితిప్పే గ్రిప్, క్వాడ్‌కు బొటనవేలితో నొక్కే లివర్.

అపోహ: ఇంజిన్‌తో పాటు దాని స్ప్రాకెట్లూ పెడితే సరి.

వాస్తవం: మోటోక్రాస్ బైక్ వెనక చక్రం టైరుతో కలిపి దాదాపు 26 అంగుళాలు. రేసు క్వాడ్ వెనక టైరు 20 అంగుళాలే. అదే స్ప్రాకెట్లు పెడితే ప్రతి గేరులోనూ వేగం దాదాపు 23 శాతం పడిపోతుంది, గేర్లు వెంటవెంటనే అయిపోతాయి. అందుకే బైకుల్లో వెనకవైపు 48 పళ్ల ప్రాంతంలో ఉంటే, క్వాడ్లలో 38 దగ్గర ఉంటుంది. ముందువైపు 14 పళ్లు తీసి 13 పెడితే, బండి దాదాపు 8 శాతం చురుగ్గా లాగుతుంది, చివరి వేగం ఆ మేరకు తగ్గుతుంది. కొత్తవాళ్లకు ఆ తగ్గుదల మంచిదే.

ఇంజిన్ కన్నా మిగతా బండే ముఖ్యమన్నది మన ఇంజినీరింగ్ విద్యార్థులకు కొత్త కాదు. కాలేజీ జట్లు సొంతంగా బండి తయారుచేసి నడిపే బాజా ఎస్‌ఏఈ పోటీల్లో ఏళ్ల తరబడి అన్ని జట్లకూ 10 హార్స్‌పవర్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజినే ఉండేది. గెలుపోటములు తేలేది గేర్ల దగ్గర, బరువు దగ్గర, సస్పెన్షన్ దగ్గర.

అపోహ: పిల్లల తరగతిలో పరుగెత్తితే ప్రమాదం లేనట్టే.

వాస్తవం: 16 ఏళ్ల లోపు పిల్లలు ఏటీవీలే (క్వాడ్ లాంటి బండ్లు) నడపకూడదన్నది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాట. దాన్ని కాదని దిగేవాళ్లు కనీసం హెల్మెట్, ఛాతీ రక్షణ కవచం, పాదం చక్రాల మధ్య ఇరుక్కోకుండా కాపాడే నెర్ఫ్ బార్లు, పడిపోగానే ఇంజిన్ ఆపేసే తాడు స్విచ్ దగ్గర రాజీపడకూడదు.

ఈ పనిలో నిజమైన లాభం ఒకటుంది. పిల్లాడు ఎదిగాక అదే ఫ్రేములోకి పాత 450 ఇంజిన్ తిరిగి వెళ్తుంది. అయితే వరస తప్పకూడదు: ముందు పోటీ నిబంధనల పుస్తకం, తర్వాత పిల్లాడి కొలతలు, ఆ తర్వాత స్ప్రింగులు, బ్రేకులు. ఇంజిన్ కొనడం అన్నిటికన్నా చివర.