తీగను బట్టి మోడెమ్, ఇంటిని బట్టి రౌటర్

ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే సంస్థవారు గోడకు బిగించి వెళ్లే చిన్న పెట్టెను కొందరు మోడెమ్ అనీ, కొందరు రౌటర్ అనీ, ఎక్కువమంది వైఫై బాక్స్ అనీ పిలుస్తున్నా, నిజానికి ఆ పెట్టెలో వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన రెండు యంత్రాలు ఇమిడి ఉన్నాయి. బయటి తీగ ఏ రకమైన సంకేతాన్ని మోయగలదో ఆ రకంగా సమాచారాన్ని మలచి పంపడం, వచ్చిన సంకేతాన్ని తిరిగి సమాచారంగా విప్పడం మోడెమ్ పని. అలా విప్పిన సమాచారంలో ఏ ముక్క ఏ పరికరానికి చేరాలో నిర్ణయించడం రౌటర్ పని. ఎంపిక సమయంలో కలిగే గందరగోళంలో అధిక భాగం ఈ రెండు పనులనూ ఒకటిగా భావించడం వల్ల పుట్టేదే కనుక, రెండింటి జీవిత కథలను విడివిడిగా తెలుసుకోవడం అవసరం.

మోడెమ్ కథ టెలిఫోన్ తీగతో మొదలవుతుంది. మనిషి మాట స్పష్టంగా అర్థమయ్యేందుకు చాలినంత మేరకే, అంటే సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల వరకు ఉన్న పౌనఃపున్యాలను మోసేలా టెలిఫోన్ వ్యవస్థను నిర్మించారు. పౌనఃపున్యం అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో తెలిపే సంఖ్య. సున్నా, ఒకటి అనే రెండు స్థితుల మధ్య ఒక్కసారిగా మారిపోయే కంప్యూటరు సంకేతాలు గొంతు కోసం ఏర్పరచిన ఈ ఇరుకు పరిధిలో రూపు చెడిపోయేవి. 1950లలో అమెరికా తన గగనతల రక్షణకు సేజ్ అనే వ్యవస్థను నిర్మిస్తూ, దూరదూరాన ఉన్న రాడార్ కేంద్రాలను కంప్యూటర్లతో కలపవలసి వచ్చినప్పుడు, ఉన్న టెలిఫోన్ తీగల మీదే సమాచారాన్ని స్వరాలుగా మార్చి పంపే పద్ధతిని అనుసరించింది. 1962లో ఏటీ అండ్ టీ సంస్థ ప్రవేశపెట్టిన బెల్ 103 అనే మోడెమ్‌లో, ఫోన్ చేసిన వైపు యంత్రం ఒకటికి 1,270, సున్నాకు 1,070 హెర్ట్జ్‌ల స్వరాలను, ఫోన్ ఎత్తిన వైపు యంత్రం 2,225, 2,025 హెర్ట్జ్‌ల స్వరాలను వాడడం వల్ల, ఒకే తీగ మీద రెండు దిశల్లోనూ ఏకకాలంలో సమాచారం నడిచింది. దాని వేగం సెకనుకు 300 బిట్లు. బిట్ అంటే ఒక సున్నా లేదా ఒక ఒకటి.

ఆ రోజుల్లో వినియోగదారుకు ఎంపిక అనేదే లేదు. తాము ఇవ్వని ఏ పరికరాన్నీ తమ తీగకు తగిలించరాదన్న టెలిఫోన్ సంస్థ నిబంధనను, రేడియోనూ టెలిఫోన్‌నూ కలిపే కార్టర్‌ఫోన్ అనే పరికరం విషయంలో అమెరికా సమాచార ప్రసారాల నియంత్రణ సంఘం 1968లో కొట్టివేయడంతో, ఇతర సంస్థలు తయారు చేసిన మోడెమ్‌లకు దారి తెరుచుకుంది. 1981లో హేస్ సంస్థ తెచ్చిన స్మార్ట్‌మోడెమ్, నంబరు తిప్పడం, ఫోన్ ఎత్తడం, పెట్టేయడం వంటి పనులన్నింటినీ కంప్యూటరు పంపే చిన్న అక్షర ఆదేశాలతోనే చేయడం వల్ల మోడెమ్ గృహోపకరణాల్లో చేరింది. నేడు మార్కెట్లో తనకు నచ్చిన పెట్టెను కొని తీగకు తగిలించుకునే స్వేచ్ఛ వెనుక 1968 నాటి ఆ తీర్పు ఉందని గుర్తించాలి.

ఆ తరువాతి కథంతా వేగం కోసం జరిగిన అన్వేషణ. ఒక మార్గపు పౌనఃపున్య పరిధిని, అందులోని రొదను బట్టి, దాని గుండా దోషం లేకుండా పంపగల సమాచారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుందని క్లాడ్ షానన్ 1948లో నిరూపించాడు. ఆ పరిమితిని సమీపించేందుకు ఇంజనీర్లు తరంగపు ఎత్తునూ దశనూ కలిపి మార్చుతూ ఒక్కో మార్పులో అనేక బిట్లను ఇమిడ్చారు. గాట్‌ఫ్రీడ్ ఉంగర్‌బోక్ 1982లో వివరంగా ప్రచురించిన సంకేత పద్ధతి, రొద వల్ల దొర్లే తప్పులను గణనీయంగా తగ్గించింది. 1994 నాటికి సెకనుకు 28,800 బిట్లు, 1998 నాటికి టెలిఫోన్ కేంద్రం వైపు డిజిటల్‌గా మారిన సౌలభ్యాన్ని వాడుకుని 56,000 బిట్ల ప్రమాణం వచ్చాయి. భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవలను ప్రారంభించినప్పుడు ఇళ్లకు చేరినది ఇలా టెలిఫోన్ తీగ మీద పనిచేసే మోడెమే. కనెక్షన్ కలిసేముందు వినిపించిన ఆ వింత ధ్వనులు, రెండు చివరల యంత్రాలు తీగ లక్షణాలను పరీక్షించి, ఏ వేగంలో మాట్లాడుకోవాలో ఒప్పందానికి రావడం వల్ల పుట్టినవి.

ఇంటి నుంచి టెలిఫోన్ కేంద్రం వరకు ఉన్న రాగి తీగ స్వయంగా అంత ఇరుకైనది కాదనీ, 3,400 హెర్ట్జ్‌ల హద్దు ప్రధానంగా కేంద్రంలోని ఏర్పాట్ల వల్ల వచ్చిందనీ గుర్తించడంతో రెండో దశ మొదలైంది. గృహస్థులు పంపే సమాచారం కంటే పొందే సమాచారం చాలా ఎక్కువ కాబట్టి రెండు దిశలకూ సమాన వేగం అక్కరలేదని బెల్‌కోర్ సంస్థకు చెందిన జోసెఫ్ లెక్‌లైడర్ సూచించగా, తీగ మోయగల సుమారు 11 లక్షల హెర్ట్జ్‌ల పరిధిని 256 సన్నని పాయలుగా చీల్చి, రొద తక్కువగా ఉన్న పాయలో ఎక్కువ బిట్లను, ఎక్కువగా ఉన్న పాయలో తక్కువ బిట్లను పంపే విధానాన్ని స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చియోఫీ బృందం సాధ్యం చేసి చూపింది. మాటకు అడుగునున్న పరిధిని వదిలి పైభాగాన్ని సమాచారానికి వాడే ఈ ఏడీఎస్ఎల్ పద్ధతిలో ఫోన్, ఇంటర్నెట్ ఒకేసారి పనిచేశాయి. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ తెలుగు పట్టణాల ఇళ్లకు తెచ్చినది దీన్నే. తీగ పొడవు పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు క్షీణిస్తాయి కనుక, టెలిఫోన్ కేంద్రానికి దగ్గరి ఇంటికి దక్కిన వేగం దూరపు ఇంటికి దక్కేది కాదు. ఎంత ఖరీదైన మోడెమ్ కొన్నా ఈ భౌతిక నియమం మారదు.

రౌటర్ కథ వేరే చోట, తీగకు సంబంధం లేని ప్రశ్నతో మొదలైంది. సమాచారాన్ని ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కపైనా గమ్యం చిరునామా రాసి పంపితే, అనేకమంది ఒకే మార్గాన్ని పంచుకోవచ్చన్న ఆలోచన 1960లలో పాల్ బారన్, డొనాల్డ్ డేవిస్‌లకు విడివిడిగా కలిగింది. అయితే కూడలి వద్దకు వచ్చిన ముక్క ఎటు వెళ్లాలో చెప్పేది ఏదన్న ప్రశ్న మిగిలింది. అర్పానెట్ కోసం బీబీఎన్ సంస్థ ఒక హనీవెల్ కంప్యూటర్‌ను మలచి తయారు చేసిన ఐఎంపీ, 1969లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరి ఆ ప్రశ్నకు తొలి సమాధానమైంది. నేటి అరచేతి పెట్టెకు పూర్వీకుడైన ఆ యంత్రం బరువు దాదాపు 400 కిలోలు. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ భిన్న స్వభావాలున్న నెట్‌వర్కులను కలిపే ఉమ్మడి నియమావళిని ప్రతిపాదించగా, స్టాన్‌ఫర్డ్ ప్రాంగణంలోని నెట్‌వర్కులను కలిపిన అనుభవం నుంచి 1984లో పుట్టిన సిస్కో సంస్థ రౌటర్‌ను విక్రయ వస్తువుగా మార్చింది.

ఆ యంత్రం ఇంట్లోకి రావడానికి కారణం చిరునామాల కొరత. ఇంటర్నెట్ నాలుగో ఐపీ ప్రమాణంలో చిరునామా 32 బిట్లది కావడంతో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లే. ప్రపంచంలోని ప్రతి పరికరానికీ ఒకటి ఇవ్వడం అసాధ్యమని ముందే గ్రహించిన ఇంజనీర్లు 1994లో చిరునామా మార్పిడి పద్ధతిని ప్రతిపాదించారు. బయటి ప్రపంచానికి అపార్ట్‌మెంట్ డోర్ నంబరు ఒక్కటే తెలిసి, లోపలి ఫ్లాట్ల సంగతి కాపలాదారు చూసుకున్నట్లుగా, ఇంటి మొత్తానికి బయట ఒకే చిరునామా ఉండి, లోపల 192.168తో మొదలయ్యే సొంత చిరునామాలతో ఏ ఫోన్ అడిగిన సమాచారం ఆ ఫోన్‌కే చేరేలా రౌటర్ పట్టిక నిర్వహిస్తుంది. దీనికి వైఫై తోడైంది: అనుమతి పత్రం అక్కరలేని రేడియో వినియోగానికి అమెరికా 1985లో కొన్ని పౌనఃపున్యాలను తెరవగా, 1997లో సెకనుకు 20 లక్షల బిట్లతో తొలి వైఫై ప్రమాణం వచ్చింది. గదిలో గోడల నుంచి ప్రతిఫలించి ఆలస్యంగా చేరే తరంగాల చిక్కును, ఆస్ట్రేలియాలో రేడియో ఖగోళ శాస్త్రం నుంచి వచ్చిన జాన్ ఓ'సలివాన్ బృందం సంకేతాన్ని అనేక సన్నని పాయలుగా విడగొట్టి అధిగమించింది; రాగి తీగ రొదకు విరుగుడైన ఉపాయమే గది ప్రతిధ్వనులకూ విరుగుడైంది. భారత నౌకాదళంలో సోనార్ పరిశోధన చేసి స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, అనేక యాంటెనాలతో ఒకే పౌనఃపున్యంలో అనేక ధారలను పంపవచ్చని చూపగా, 2009 నాటి 802.11ఎన్ ప్రమాణం నుంచి ఆ భావన ఇంటి రౌటర్లలో స్థిరపడింది.

ఇప్పుడు రాగి స్థానంలోకి గాజు తంతువు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్‌నెట్ తంతువులు ఊళ్లకు చేరాయి. ప్రైవేటు సంస్థల తంతువులు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో వ్యాపించాయి. ఇక్కడ మోడెమ్ పాత్రను ఓఎన్‌టీ అనే పరికరం పోషిస్తుంది: జీపాన్ అనే ప్రమాణంలో 1,490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి సమాచారాన్ని ఇంటికి తెస్తే, 1,310 నానోమీటర్ల కాంతి ఇంటి నుంచి తీసుకెళ్తుంది. సెకనుకు దాదాపు 250 కోట్ల బిట్లు దిగివచ్చే ఒక తంతువును 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి కనుక, తన వంతు సమయంలో మాత్రమే వెలగడం, తనకు వచ్చినదాన్ని మాత్రమే విప్పుకోవడం ఓఎన్‌టీ బాధ్యత.

ఈ చరిత్ర నుంచి తేలే సూత్రం ఒకటే: మోడెమ్‌ను తీగ నిర్ణయిస్తుంది, రౌటర్‌ను ఇల్లు నిర్ణయిస్తుంది. ఫోన్ తీగకు ఏడీఎస్ఎల్ మోడెమ్, టీవీ కేబుల్‌కు డాక్సిస్ ప్రమాణపు మోడెమ్, గాజు తంతువుకు ఓఎన్‌టీ అవసరమవుతాయి, ఒకదాని స్థానంలో మరొకటి పనిచేయదు. పైగా ఓఎన్‌టీని సంస్థ తన కేంద్రంలో క్రమసంఖ్యతో నమోదు చేస్తేనే అది పలుకుతుంది కాబట్టి, సాధారణంగా సంస్థ ఇచ్చినదాన్నే ఉంచుకుని, దాన్ని బ్రిడ్జ్ స్థితిలో, అంటే రౌటర్ పని మానేసి సంకేతాన్ని మార్చే పని మాత్రమే చేసేలా, పెట్టమని కోరి, వెనుక సొంత రౌటర్‌ను తగిలించడం మేలైన మార్గం. అలా చేయకపోతే చిరునామా మార్పిడి రెండుసార్లు జరిగి, ఇంట్లోని కెమెరాను బయటి నుంచి చూడడం వంటి పనులకు ఆటంకం కలుగుతుంది.

రౌటర్ విషయంలో పెట్టె మీది పెద్ద సంఖ్యకు లొంగరాదు. ఏసీ1200 అన్నది 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్య పట్టీలో సెకనుకు 30 కోట్లు, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో సుమారు 87 కోట్ల బిట్ల సైద్ధాంతిక వేగాలను కూడి, పైకి సవరించి రాసినది. ఒక ఫోన్ ఒక సమయంలో సాధారణంగా ఒక పట్టీనే వాడుతుంది. 2.4 పట్టీ గోడలను మెరుగ్గా దాటినా, ఒకదానిపై ఒకటి పడని మార్గాలు అందులో మూడే ఉన్నందువల్ల అపార్ట్‌మెంట్‌లో పొరుగువారి రౌటర్లతో కిక్కిరిసిపోతుంది. 5 పట్టీ విశాలమైనదే కానీ ఇటుక గోడలకూ, ముఖ్యంగా ఇనుప చువ్వలున్న కాంక్రీటు స్లాబులకూ త్వరగా నీరసిస్తుంది. అందుచేత రెండు పట్టీలూ ఉన్న రౌటర్‌ను ఇంటి మధ్యలో, బీరువాలకూ ఇనుప తలుపులకూ దూరంగా, ఎత్తున ఉంచాలి. రెండంతస్తుల ఇంటికి ఒకే శక్తిమంతమైన రౌటర్ కంటే, పై అంతస్తుకు ఈథర్‌నెట్ తీగ లాగి అక్కడ రెండో వైఫై కేంద్రాన్ని అమర్చడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. తీగ తగిలించే పోర్టులు గిగాబిట్‌వో కావో తప్పక చూడాలి, ఎందుకంటే సెకనుకు 10 కోట్ల బిట్ల పోర్టు ఉన్న చవక రౌటర్, 30 కోట్ల బిట్ల కనెక్షన్‌ను మూడో వంతుకు కుదిస్తుంది. డబ్ల్యూపీఏ3 రహస్య లిపి, తయారీదారు క్రమం తప్పకుండా ఇచ్చే సాఫ్ట్‌వేర్ సవరణలు కూడా వేగమంత ముఖ్యమైనవి, ఎందుకంటే ఇంటి నెట్‌వర్కుకు బయటి ప్రపంచంతో ఉన్న ఏకైక ద్వారం ఈ పెట్టే.

కొత్త పెట్టె కొనే ముందు ప్రతి ఇంట్లోనూ చేయదగిన పరీక్ష ఒకటుంది: కంప్యూటరును ముందుగా ఈథర్‌నెట్ తీగతో రౌటర్‌కు కలిపి వేగం కొలవాలి, తరువాత అదే వేగాన్ని వైఫై మీద దూరపు గదిలో కొలవాలి. తీగ మీదే వేగం తక్కువగా ఉంటే, రౌటర్ పోర్టు గిగాబిట్‌దేనని తేలిన పక్షంలో, లోపం బయటి లైనులోనో మోడెమ్‌లోనో ఉన్నట్లు, దాన్ని సంస్థవారే సరిచేయాలి. తీగ మీద సరిగా ఉండి గదిలో పడిపోతే లోపం ఇంటి లోపలిది, దానికి రౌటర్ స్థానమో, సంఖ్యో, తరమో మార్చాలి. ఏది ఏ యంత్రం బాధ్యతో తెలిసిన కుటుంబం, ఒక యంత్రం లోపానికి మరో యంత్రం మీద డబ్బు పోయకుండా, చెల్లించిన వేగాన్ని పూర్తిగా పొందగలుగుతుంది.