ఓడ ఆగిన ఒక్క పగలు: ద్వీపదర్శనానికి స్వయంప్రణాళిక

‘సఫర్ వసీల-ఎ-జఫర్’ అని ఉర్దూలో ఒక సామెత కలదు. ప్రయాణమే విజయానికి సాధనమని దాని భావం. అయితే ఏ ప్రయాణమైనా విజయం కావలెనంటే ముందుచూపు తప్పనిసరి. ఆ ముందుచూపు అత్యంత అవసరమైన ఒక యాత్రను గురించి విద్యార్థి మిత్రులకు వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

నారాయణఖేడ్ ప్రాంతీయులమైన మనకు మంజీర తెలుసు, సింగూరు జలాశయం తెలుసు. సముద్రం మాత్రం మనలో పెక్కుమందికి పుస్తకాలలోని సంగతి. కాని కాలం మారుతున్నది. 2022లో ‘ఎంప్రెస్’ అను విహారనౌక విశాఖపట్టణం నుండి పుదుచ్చేరి, చెన్నై రేవులకు యాత్రికులను తీసుకొనిపోయినది. 2023లో విశాఖ రేవులో విహారనౌకల కొరకు ప్రత్యేక భవనం ప్రారంభమైనది. చెన్నై, కలకత్తా, విశాఖల నుండి అండమాన్ దీవులకు ప్రయాణీకుల ఓడలు నడచుట అంతకుముందు నుండి ఉన్నదే. కనుక ఉద్యోగరీత్యానో, విహారార్థమో మన విద్యార్థులలో కొందరైనా ఒకనాడు ఓడ ఎక్కకపోరు.

విహారనౌక దారిలో ఏదో ఒక రేవున ఒక్క పగలు ఆగుతుంది. అప్పుడు యాత్రికునికి రెండు మార్గాలు. ఓడవారు ఏర్పాటు చేసిన బృందంతో వెళ్లుట ఒకటి. తన దారి తాను చూచుకొని వెళ్లుట రెండవది. మొదటిదానిలో ఖర్చు హెచ్చు, స్వేచ్ఛ తక్కువ. కాని బృందం ఆలస్యమైతే సాధారణంగా ఓడవారే బాధ్యత వహిస్తారు. రెండవదానిలో ఖర్చు తక్కువ, స్వేచ్ఛ హెచ్చు. కాని ఆలస్యమైన ఒంటరి యాత్రికుని కొరకు ఓడ ఆగదు. అతడు తరువాతి రేవుకు తన సొంత ఖర్చుతో చేరుకోవలసిందే. ఈ ఒక్క సత్యాన్ని మరువనివానికి రెండవ మార్గమే మేలైనది.

కాలగణన

స్వయంప్రణాళికకు మూలసూత్రం ఇది: లెక్క బయలుదేరు వేళ నుండి ముందుకు కాదు, తిరిగి చేరవలసిన వేళ నుండి వెనుకకు సాగవలెను.

ఒక ఉదాహరణ చూద్దాం. ఓడ ఉదయం 8 గంటలకు రేవు చేరి, సాయంత్రం 6 గంటలకు బయలుదేరుతుందనుకుందాం. చేతిలో పది గంటలు ఉన్నవని మనసు సంబరపడుతుంది. కాని అధికారుల తనిఖీ ముగిసి, మెట్లు దించి, జనం వరుసగా దిగునప్పటికి 9 గంటలు కావచ్చును. ఓడ కదలుటకు అరగంట నుండి గంట ముందే అందరూ లోపల ఉండవలెనని సాధారణ నియమం; కనుక 5 గంటలే గడువు. దానికి ముందు గంటన్నర కాలం మన సొంత జాగ్రత్త కొరకు విడువవలెను. బండి చెడిపోవుట, వాన కురియుట, పడవ ఆలస్యమగుట వంటివన్నీ ఆ గంటన్నరలోనే ఇమడవలెను. అనగా 3-30కి ఓడ వద్ద ఉండవలెను. పది గంటలనుకొన్నది ఆరున్నర గంటలైనది. నిజమైన మూలధనం ఇంతే.

గడియారం విషయంలో మరొక చిక్కు ఉన్నది. పరదేశపు రేవులలో ఓడ కాలం, ఒడ్డు కాలం వేరుగా ఉండవచ్చును. మాల్దీవుల కాలం మనకంటె అరగంట వెనుక. థాయిలాండ్ కాలం మనకంటె గంటన్నర ముందు. చేతిలోని మొబైల్ ఫోను ఒడ్డు చేరగానే తనంతట తానే కాలం మార్చుకొనవచ్చును. కనుక చేతి గడియారాన్ని ఓడ కాలానికే ఉంచుకొని, దానినే ప్రమాణంగా గ్రహించవలెను.

అండమాన్‌లో గడియారం మన గడియారమే. సూర్యుడు మాత్రం మనకంటె ముందు నడుస్తాడు. భారత కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడ సమీపంగా పోతున్నది. నారాయణఖేడ్ దానికి పడమర, అండమాన్ దానికి తూర్పు. ఈ రెండు తావుల మధ్య అంతరం సుమారు 15 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సరిగా గంట. మనకు సుమారు 12-20కి సూర్యుడు నడినెత్తికి వస్తే అక్కడ 11-20కే వస్తాడు. జొహర్ నమాజు వేళ ఆ మేరకు ముందుకు జరుగుతుంది. చలికాలంలో అక్కడ సాయంత్రం 5 గంటల ప్రాంతానికే ప్రొద్దు గ్రుంకుతుంది. ఈ సంగతి తెలియనివాడు చీకటిలో రేవు దారి వెదకవలసి వస్తుంది.

స్థలనిర్ణయం

అండమాన్ ముఖ్యపట్టణమైన పోర్ట్‌బ్లెయర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. మన ఓడ అక్కడ ఆగినదనుకుందాం. ఏమి చూడవలెను?

అందమైన సముద్రతీరానికి పేరొందిన హేవ్‌లాక్ ద్వీపం, అనగా నేటి స్వరాజ్ ద్వీపం, అందరి నోట వినబడుతుంది. పడవలో పోవుటకే సుమారు రెండు గంటలు, వచ్చుటకు రెండు గంటలు. ఆరున్నర గంటలలో నాలుగు నీటిపైనే పోతే మిగిలేదేమిటి? బారాటాంగ్ సుమారు 100 కిలోమీటర్ల దూరం. జారవా జాతివారు నివసించు అడవి గుండా నిర్ణీత వేళలలో, గుంపుగా మాత్రమే వాహనాలను పోనిస్తారు. ఆ వేళ మనచేతిలో లేదు. ఈ రెండూ ఎంత మంచివైనా ఒక్క పగటి యాత్రకు తగినవి కావు. విడువవలసినదానిని విడుచుటయే ప్రణాళికలో సగభాగం.

తగినది రాస్ ద్వీపం. 2018 డిసెంబరులో దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు. అబర్డీన్ జెట్టీ నుండి చిన్న పడవలో కొద్ది నిమిషాల ప్రయాణం. 1858 నుండి 1941 వరకు ఆంగ్లేయులు అండమాన్‌ను పాలించినది ఈ చిన్న దీవి నుండియే. 1941 జూన్ 26 నాటి భూకంపం, మరుసటి ఏడు జపానువారి ఆక్రమణ దాని వైభవాన్ని ముగించినవి. నేడు చర్చి గోడలను, బంగళాలను మర్రిజాతి చెట్ల వేళ్లు పెనవేసికొని ఉన్నవి. శిథిలాల నడుమ జింకలు, నెమళ్లు తిరుగుతుంటవి.

ఇక క్రమం చెప్పవలెను. సముద్రం దాటవలసిన చోటు ముందు, నేలపై ఉన్న చోటు తరువాత. గాలి లేచి పడవలు ఆగిపోతే దీవిలో చిక్కుబడే ప్రమాదం ఉన్నది. కనుక 10 నుండి 11-30 వరకు రాస్ ద్వీపం చూచి, మధ్యాహ్నానికి పట్టణం చేరవలెను. భోజనం, నమాజు ముగించుకొని 1-30కి సెల్యులార్ జైలుకు పోవచ్చును. 1896 నుండి 1906 వరకు కట్టిన ఈ జైలుకు ఏడు శాఖలుండగా నేడు మూడే మిగిలినవి. 1979లో ఇది జాతీయ స్మారకమైనది. 3 గంటలకు వెలుపలికి వస్తే 3-30కి ఓడ వద్ద ఉంటాము. వారపు సెలవు, మధ్యాహ్న విరామం, పడవల వేళలు ముందే విచారించుకొనవలెను. పడవలు లేనిచో ఏమి చూడవలెనో కూడ వ్రాసి ఉంచుకొనవలెను.

వెంట ఉండవలసినవి

ఓడవారు ఇచ్చిన కార్డు, ప్రభుత్వ గుర్తింపు పత్రం, ఓడ ఆగిన రేవు పేరు, ఆ రేవులో ఓడ ఏజెంటు ఫోను నంబరు, ఇవన్నీ కాగితంపై వ్రాసుకొని జేబులో ఉంచుకొనవలెను. దీవులలో ఫోను ఎల్లప్పుడు పనిచేస్తుందని నమ్మరాదు. చిల్లర నోట్లు, మంచినీరు దగ్గర ఉండవలెను. నలుగురైదుగురు కలిసి వెళ్లినచో బండి ఖర్చు పంచుకొనవచ్చును. అయితే కాలం చూచు బాధ్యత ఒక్కరిదే కావలెను. భాషకు భయపడనక్కరలేదు. 2011 జనగణనలో అండమాన్ నికోబార్ జనులలో నూటికి సుమారు 13 మంది తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నారు. పగడపు ముక్కలు ఏరి తెచ్చుట, జారవాలను ఫొటో తీయుట చట్టవిరుద్ధమని గుర్తుంచుకొనవలెను.

తిరుగు వేళ లేని యాత్రికులు

ఈ దీవిలో మన భాషలవారికి మరొక బంధుత్వం కూడ ఉన్నది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగినాడు. ఆ వెనుక వచ్చినవారిలో ‘బాగీ హిందుస్తాన్’గా ప్రసిద్ధమైన అరబ్బీ గ్రంథాన్ని వ్రాసిన మౌలానా ఫజలే హఖ్ ఖైరాబాదీ ఒకరు, 1861లో ఇక్కడనే కన్నుమూశారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాదు రెసిడెన్సీపై దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్ కూడ ఈ దీవులకే పంపబడి, ఇక్కడే మరణించారు. మౌలానా జాఫర్ థానేసరీ 1866లో వచ్చి, 1883లో విడుదలై, తన అనుభవాలను ఉర్దూలో గ్రంథస్థం చేశారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడ శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికైనారు.

వారిని తెచ్చిన ఓడ వారి కొరకు తిరిగి రాలేదు. వచ్చినవారికి ఏండ్ల తరువాత వచ్చినది. మనకు మాత్రం సాయంత్రమే తిరుగు ఓడ సిద్ధంగా ఉంటుంది. దాని విలువ సెల్యులార్ జైలు గదిలో నిలబడినప్పుడు తెలిసినట్లు మరెక్కడా తెలియదు.

ముగింపు

ఈ విద్యను అభ్యసించుటకు అండమాన్ వరకు పోనక్కరలేదు. నాగార్జునసాగర్ నుండి లాంచీలో పోయి చూచు నాగార్జునకొండ కూడ జలాశయం నడుమనున్న ద్వీపమే. 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలలో దొరికిన బౌద్ధ శిల్పాలు అక్కడి ప్రదర్శనశాలలో ఉన్నవి. అక్కడ కూడ లాంచీ వేళకే తిరిగి రావలెను. పురావస్తు శాఖవారి క్షేత్ర ప్రదర్శనశాలలకు శుక్రవారం సెలవు కనుక జుమా నాడు పోరాదు. కళాశాల కార్యవర్గంవారు ఈ యాత్రను తలపెట్టి, వేళల పట్టికను, ఖర్చుల లెక్కను అధ్యాపకులు గాక విద్యార్థులే తయారుచేయునట్లు చూచినచో ఎంతో మేలు కలుగుతుంది. నేడు లాంచీ కొరకు వెనుకకు లెక్కించుట నేర్చినవాడు రేపు ఓడ కొరకు, ఎల్లుండి పరీక్ష కొరకు, ఆ పైన జీవితం కొరకు లెక్కించగలడు.