వెనుక నీరు నిలిచిన గోడ

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన భారీ వర్షానికి హైదరాబాదు పాతబస్తీ శివారు బండ్లగూడలోని మహమ్మదియా హిల్స్‌లో గోడ ఇళ్ళపై కూలి పసిబిడ్డతో సహా పలువురు మరణించారు. నాలుగు రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలను ముంచింది. అటువంటి వానలు కురిసినప్పుడు, యాకుత్‌పురా వంటి బస్తీలలో నాలాను ఆనుకొన్న ఇళ్ళ పునాది మట్టిని ఆపి ఉంచే రిటైనింగ్ గోడ ఎంతవరకు నిలువగలదన్నది ప్రాణావసరమైన ప్రశ్న. పొరుగున ఉన్న తలాబ్‌కట్ట పేరుకు అర్థమే చెరువు కట్ట.

గోడ కూలగానే సిమెంటును నిందించడం పరిపాటి. అయితే దృఢమైన గోడ సైతం పగలకుండానే, పునాదితో సహా ముందుకు జారవచ్చు. రెండు మీటర్ల ఎత్తు, పైన 0.5, అడుగున 1.1 మీటర్ల మందం గల రాతి గోడను తీసుకొందాం. మీటరు పొడవుకు దాని బరువు సుమారు 3.7 టన్నులు. ఘర్షణ గుణకం 0.5 అనుకొంటే జారుడును నిరోధించే బలం 1.85 టన్నులు. వెనుక ఉన్న పొడి ఇసుక మట్టి (అంతర్ఘర్షణ కోణం 30 డిగ్రీలు) తోపుడు 1.2 టన్నులు. భద్రతా గుణకం 1.5 దాటింది కనుక గోడ నిలుస్తుంది. వెనుక నీరు పైదాకా నిండితే మట్టి తోపుడు 0.67 టన్నులకు తగ్గినా, నీటి ఒత్తిడి ఒక్కటే 2 టన్నులు. మొత్తం 2.67. భద్రతా గుణకం 0.7కు పడిపోతుంది. పునాది కింద నీరు పైకి నెట్టే బలాన్ని ఇందులో లెక్కించనే లేదు.

అందువల్ల మందం పెంచడం కన్నా నీటికి దారి చూపడం చౌక, క్షేమకరం. 7.5–10 సెం.మీ. వ్యాసం గల వీప్ హోల్స్‌ను 1.5–2 మీటర్ల ఎడంతో అమర్చి, వాటి వెనుక కంకర వడపోత పొర వేయాలి. నల్లరేగడిని గోడ వెనుక నింపరాదు. అది నీటిని వదలదు, ఉబ్బి గోడను నెడుతుంది. జారుడు నిరోధం ఇంకా చాలకపోతే పునాది అడుగున షియర్ కీ కట్టవచ్చు.

పునాది ముందు ఉన్న మట్టి ఇచ్చే ఎదురు ఒత్తిడిని కూడా బలంగా లెక్కించడం పుస్తకాలలో కనిపిస్తుంది. నాలా పక్కన అది ప్రమాదకరం. వరద ఆ మట్టిని కోస్తుంది, పూడికతీత యంత్రం తవ్వి పోస్తుంది. చెక్‌డ్యామ్ రెక్క గోడలకూ ఇదే వర్తిస్తుంది.

విస్తరణ సిబ్బంది తొలకరికి ముందే వీప్ హోల్స్‌ను చువ్వతో పొడిచి చూడాలి. వాన వెలిసిన తరువాత వాటి నుండి తేట నీరు రావాలి. బురద నీరు వస్తే వడపోత పొర చెడినట్లు; ఏమీ రాకుంటే నీరు గోడ వెనుకనే నిలిచి ఉండవచ్చు.