రక్తపు పోటును తగ్గించు భోజనము

ఆవిరితో పనిచేయు కర్మాగారములో బాయిలరుమీద ఒత్తిడిని చూపు ముల్లు ఒకటి ఉండును. కార్మికుడొకడు వేళ తప్పక దానిని చూచి పుస్తకములో వ్రాయుచుండును. ఒత్తిడి హద్దు దాటినచో ఆవిరి వెలుపలికి పోవుటకు రక్షక కవాటము కూడ అమర్చబడి యుండును. మన గుండె నిమిషమునకు 72 సార్లు చొప్పున రోజునకు లక్షకు పైగా కొట్టుకొనుచు రక్తమును నాళములలోనికి నెట్టుచున్నది. ఈ యంత్రమునకు మాత్రము పైకి కనిపించు ముల్లు లేదు. ఒత్తిడి మితిమీరినను తలనొప్పిగాని, కళ్ళు తిరుగుటగాని లేకపోవచ్చును. పక్షవాతమో గుండెపోటో వచ్చిన తరువాతనే ఆ సంగతి పలువురకు తెలియుచున్నది.

కిష్టారెడ్డిపేట వంటి ఊళ్ళకు ఈ విషయము మరింత ముఖ్యమైనది. పటాన్‌చెరువు పరిసరములలో కర్మాగారములు పెరిగిన కొలదియు, పొలము పనిని నమ్ముకొన్న కుటుంబములవారు షిఫ్టు పనులలో చేరిరి. నడక తగ్గినది. జొన్నరొట్టె స్థానమున తెల్లని అన్నము వచ్చినది. తీరిక లేని వేళలలో బజ్జీలు, మిక్చరు, బిస్కత్తులు ఆకలి తీర్చుచున్నవి. ఈ మార్పు ఒక్క ఊరిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించి, 2023లో ప్రచురించిన దేశవ్యాప్త పరిశీలనలో పెద్దవారిలో నూటికి 35.5 మందికి అధిక రక్తపు పోటు, 11.4 మందికి మధుమేహము ఉన్నట్లు తేలినది.

రక్తపు పోటును రెండు అంకెలతో చెప్పుదురు. గుండె ముడుచుకొన్నపుడు నాళములలో కలుగు ఒత్తిడి మొదటిది. గుండె సడలినపుడు మిగిలి యుండు ఒత్తిడి రెండవది. ఈ ఒత్తిడి పాదరసమును ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తునకు నిలుపగలదో దానినిబట్టి లెక్కింతురు. విశ్రాంతిగా కూర్చున్న మనిషిలో ఇది 120/80కి లోపుగా ఉండుట మంచిది. వేరువేరు దినములలో కొలిచినపుడు 140/90 గాని అంతకు మించిగాని ఉన్నచో అధిక రక్తపు పోటు అందురు.

ఎనిమిది వారముల పరీక్ష

భోజనమును మార్చినంత మాత్రమున ఈ అంకెలు దిగునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై అమెరికాలో నాలుగు కేంద్రములలో ఒక పరీక్ష జరిగినది. దాని ఫలితములు 1997లో వెలువడినవి. అందు పాల్గొన్న 459 మందిని మూడు తెగలుగా విభజించిరి. మొదటి తెగకు ఆ దేశపు అలవాటు భోజనమునే ఇచ్చిరి. రెండవ తెగకు కూరగాయలు, పండ్లు హెచ్చించిరి. మూడవ తెగకు వానితోపాటు పొట్టు తీయని ధాన్యములు, పప్పులు, గింజలు, వెన్న తీసిన పాలు, పెరుగు ఇచ్చి, మాంసపు కొవ్వును, తీపి పదార్థములను తగ్గించిరి. ఈ మూడవ భోజనమునకే ‘డాష్’ అని పేరు. రక్తపు పోటును ఆపుటకు ఆహార మార్గములు అను అర్థము గల ఆంగ్లపదముల మొదటి అక్షరములతో ఏర్పడిన పేరిది.

ఎనిమిది వారముల తరువాత చూడగా, మొదటి తెగతో పోల్చినపుడు రెండవ తెగవారి పై అంకె సుమారు 3 మిల్లీమీటర్లును, మూడవ తెగవారి పై అంకె 5.5 మిల్లీమీటర్లును తగ్గినవి. మూడవ తెగలో మొదటినుండి అధిక రక్తపు పోటు గలవారికి ఏకముగా 11.4 మిల్లీమీటర్లు తగ్గినది. ఒక మాత్ర ఇచ్చునంతటి ఫలితమిది. రెండు వారములలోనే ఈ తగ్గుదల కనిపించినది.

ఈ పరీక్షలో రెండు సంగతులను విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపవలెను. మూడు తెగలవారికిని ఉప్పు సమానముగానే ఇచ్చిరి. వారి బరువును మారనీయలేదు. కావున ఈ ఫలితము ఉప్పు తగ్గించుటవలన వచ్చినది కాదు, బక్కచిక్కుటవలన వచ్చినదియు కాదు. ఆహారపు కూర్పువలననే వచ్చినది. పండ్లు, కూరగాయలు మాత్రమే హెచ్చించినపుడు కలిగిన మేలు, భోజనమంతయు మార్చినపుడు ఇంచుమించు రెండింతలైనది.

ఉప్పు మాట 2001లో తేలినది. ఈసారి 412 మందిని తీసికొని, అలవాటు భోజనము తినువారికిని, డాష్ భోజనము తినువారికిని రోజునకు సుమారు 9, 6, 3 గ్రాముల ఉప్పునకు సమానమైన సోడియమును ఒక్కొక్క నెల చొప్పున ఇచ్చి చూచిరి. ఉప్పు తగ్గిన కొలదియు రెండు తెగలలోను రక్తపు పోటు తగ్గినది. ఎక్కువ ఉప్పుతో అలవాటు భోజనము తిన్నప్పటికంటె, తక్కువ ఉప్పుతో డాష్ భోజనము తిన్నపుడు పై అంకె 8.9 మిల్లీమీటర్లు తక్కువగా ఉండెను.

మూత్రపిండములలో జరుగు పని

మన మూత్రపిండములు రెండును కలిసి రోజునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడకట్టును. అందులో నూటికి 99 వంతులు మరల రక్తములోనికే చేరును. ఆ ద్రవములోని సోడియమును ఎంత తిరిగి తీసికొనవలెనో, ఎంత విడిచిపెట్టవలెనో సన్నని నాళికలు నిర్ణయించును. ఉప్పు ఎక్కువ తిన్నపుడు శరీరములో సోడియము నిలుచును. దానితోపాటు నీరు నిలుచును. అదే నాళములలో ఎక్కువ ద్రవము ప్రవహించుటచే ఒత్తిడి పెరుగును.

పొటాషియము ఇచ్చటనే మేలు చేయుచున్నది. ఆహారములో పొటాషియము తక్కువైనపుడు ఈ నాళికల చివరి భాగములో సోడియమును లోపలికి లాగు ప్రొటీనులు చురుకుగా పనిచేయును. పొటాషియము సమృద్ధిగా అందినపుడు వాని పని తగ్గి, సోడియము మూత్రముతో పోవును. ఆకుకూరలు, పప్పులు, పండ్లు, పెరుగు మనకు పొటాషియమును ఇచ్చును. ధాన్యపు పొట్టులోను, పప్పులలోను ఉన్న మెగ్నీషియము, రక్తనాళముల గోడలలోని కండరములు సడలుటకు తోడ్పడును.

కొలెస్టరాలు, చక్కెర

డాష్ భోజనమువలన నాళములలో పేరుకొను చెడు కొలెస్టరాలు డెసీలీటరునకు సుమారు 11 మిల్లీగ్రాములు తగ్గినట్లు ఆ మొదటి పరీక్షకు చేరిన వారి రక్తమును పరిశీలించినపుడు తెలిసినది. కారణము సులభముగానే గ్రహింపవచ్చును. పప్పులు, ధాన్యములలోని ఒక విధమైన పీచు, ప్రేగులలో పైత్యరస లవణములను పట్టుకొని వెలుపలికి తీసికొనిపోవును. వానిని మరల తయారు చేసికొనుటకు కాలేయము రక్తములోని కొలెస్టరాలును వాడుకొనును. నెయ్యి, వెన్న, మాంసపు కొవ్వు తగ్గుటయు దీనికి సాయపడును. అయితే మంచి కొలెస్టరాలు కూడ కొంచెము తగ్గినది. ట్రైగ్లిసరైడులలో చెప్పుకోదగిన మార్పు లేదు. ఒక్క భోజనమే సర్వరోగ నివారిణి కాదని దీనివలన తెలియుచున్నది.

మధుమేహమునకును రక్తపు పోటునకును లోలోపల చుట్టరికము కలదు. ఇన్సులిన్ అను హార్మోను చక్కెరను కణములలోనికి పంపుటయే గాక, మూత్రపిండములు సోడియమును నిలుపుకొనునట్లు కూడ చేయును. పొట్టచుట్టు కొవ్వు పెరిగినపుడు కణములు ఇన్సులిన్‌నకు సరిగా లొంగవు. అందుచే శరీరము మరింత ఇన్సులిన్‌ను తయారు చేయును. చక్కెర, సోడియము రెండును కలిసి బాధ పెట్టుట ఇట్లు మొదలగును.

2010లో ప్రచురితమైన ఒక పరీక్షలో, అధిక బరువును, హెచ్చు రక్తపు పోటును గల 144 మందిని నాలుగు నెలలు పరిశీలించిరి. అలవాటు భోజనమునే కొనసాగించినవారికి పై అంకె 3.4 మిల్లీమీటర్లు తగ్గగా, డాష్ భోజనము తిన్నవారికి 11.2, ఆ భోజనముతోపాటు వ్యాయామము చేసి బరువు తగ్గించుకొన్నవారికి 16.1 మిల్లీమీటర్లు తగ్గినది. ఇన్సులిన్ చక్కగా పనిచేయుట మాత్రము చివరి తెగవారిలోనే మెరుగైనది. రక్తపు పోటునకు కంచము మార్చినను చాలవరకు ఫలితము కలుగును. చక్కెర విషయములో నడకయు, నడుము కొలతయు కూడ మారవలెను.

సిద్దిపేట పల్లెలలో

సంగారెడ్డి, సిద్దిపేటలు 2016 వరకు ఒకే మెదక్ జిల్లాలోనివి. సిద్దిపేట ప్రాంతపు పల్లెలలో అధిక రక్తపు పోటు గల 502 మందితో ఒక పరీక్ష జరిగినది. ఫలితములు 2021లో వెలువడినవి. కొందరికి మామూలు ఉప్పును, కొందరికి నూటికి 30 వంతులు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పును వంటకు ఇచ్చిరి. ఎవరికి ఏది అందినదో వారికి తెలియనీయలేదు. మూడు నెలల తరువాత రెండవ తెగవారి పై అంకె, మొదటి తెగవారికంటె 4.6 మిల్లీమీటర్లు ఎక్కువగా తగ్గినది. వంటకములు మారలేదు, ఉప్పు డబ్బా మాత్రమే మారినది.

మన ఇండ్లలో ఉప్పు ఎంత వాడుచున్నాము? ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రమును పరీక్షించి చూచిన ఒక పరిశీలన 2017లో వెలువడినది. మనిషికి రోజునకు సగటున సుమారు 9.5 గ్రాముల ఉప్పు తినుచున్నట్లు అందు తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు.

మన కంచములో

పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటలమీద పరిశోధనలు చేయుచున్నది. డాష్ పట్టికలో పొట్టు తీయని ధాన్యములు, పప్పులు, గింజలు అని వ్రాసిన చోట మనము వ్రాసికొనదగిన పేర్లు ఇవే. విదేశపు పండ్లకొరకు వెదకనక్కరలేదు. పగలు అన్నము కొంత తగ్గించి, తోటకూర పప్పు, బీరకాయ లేక సొరకాయ కూర, ఉప్పు వేయని మజ్జిగ. సాయంకాలము శనగ గుగ్గిళ్ళు, ఒక జామపండు. రాత్రి జొన్నరొట్టె, కూర, మీగడ తీసిన పెరుగు. మాంసాహారులు చేపను గాని, కొవ్వు తీసిన కోడిమాంసమును గాని మితముగా తినవచ్చును. షిఫ్టు పనికి పోవువారు ఇంటి డబ్బాలోనే గుగ్గిళ్ళు, పండు పెట్టుకొనిపోయినచో బజ్జీల అవసరము తప్పును.

ఆవకాయ, అప్పడము, ఊరబెట్టిన మిరపకాయలు ఉప్పుచేతనే నిలువ యుండును. కనుక వానిని నంజుకొనుటకు మాత్రమే ఉంచవలెను. బజ్జీలలో వేయు సోడా ఉప్పులోను సోడియమే కలదు. సైంధవ లవణము కూడ చాలవరకు సోడియం క్లోరైడే. నిమ్మరసము, అల్లము, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర రుచికి తోడ్పడును. ఉప్పును కొద్దికొద్దిగా తగ్గించినచో కొన్ని వారములలో నాలుక అలవాటు పడును. వాడు కొద్ది ఉప్పు అయొడిను కలిపినదై యుండవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మూత్రపిండముల జబ్బు గలవారికిని, కొన్ని రకముల రక్తపు పోటు మందులు వాడువారికిని రక్తములో పొటాషియము ప్రమాదకరముగా పెరుగవచ్చును. వారు వైద్యుని అడుగక పొటాషియము ఉప్పును వాడరాదు. ఎండలోను, కొలుముల వద్దను విపరీతముగా చెమటోడ్చువారు కూడ ఉప్పు మాట వైద్యునితో ఆలోచింపవలెను. భోజనము మార్చినామని మాత్రలను తమంతట తాము మానుట ప్రాణాపాయము.

తరగతిలో చేయదగిన లెక్క

ఉపాధ్యాయులు ఈ పాఠమును తూకముతోనే బోధింపవచ్చును. సోడియము పరమాణు భారము 23, క్లోరిను 35.5. కావున 5 గ్రాముల ఉప్పులో సుమారు 2 గ్రాముల సోడియము ఉన్నదని విద్యార్థులే కట్టగలరు. పిమ్మట ప్రతి విద్యార్థియు తన ఇంట కిలో ఉప్పు పొట్లము విప్పిన తేదీని, అయిపోయిన తేదీని వ్రాసికొనవలెను. నలుగురున్న ఇంట అది 25 రోజులలో అయిపోయినచో మనిషికి రోజునకు 10 గ్రాములు. 50 రోజులు వచ్చినచో 5 గ్రాములు. పచ్చళ్ళు, బయట తిను పదార్థములలోని ఉప్పు ఈ లెక్కకు అదనము. ఇంటిలోని పెద్దలు సమీపపు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములో రక్తపు పోటు చూపించుకొన్నారా అను ప్రశ్నను కూడ ఆ పుస్తకములోనే చేర్చినచో, ఒక్క తరగతి పిల్లలు ఊరిలోని ఎన్నో కుటుంబములకు సకాలములో మేలు చేసినవారగుదురు.