కూలాక మాట్లాడే పెట్టె

1967 మార్చి 11న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక చిన్న సెస్నా విమానం బయల్దేరింది. లోపల భార్యాభర్తలు, ఒక పదహారేళ్ల అమ్మాయి. ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో మంచు తుఫానుకు చిక్కి అది కూలిపోయింది. ముగ్గురూ బతికారు. వెతకడానికి వచ్చిన విమానాలకు మాత్రం కింద మంచు తప్ప మరేమీ కనిపించలేదు. కొన్నాళ్లకు గాలింపు ఆగిపోయింది. సాయం కోసం నడిచి వెళ్లిన భర్త తిరిగి రాలేదు. ఆ అమ్మాయి జరిగిందంతా రాసిపెడుతూ వచ్చింది. అక్టోబరులో వేటగాళ్లకు శకలాలు కనబడినప్పుడు ఆ రాతలు బయటపడ్డాయి. విమానం కూలాక 54 రోజుల దాకా అవి సాగాయి.

ఈఎల్‌టీ అనే యంత్రం ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఆ 54 రోజులు చాలు. ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్‌కు అది పొట్టి పేరు. విమానం కూలిన క్షణాన దానంతట అదే మేలుకుని, ఇక్కడున్నామని రేడియోలో చెప్పే చిన్న పెట్టె.

విమానం కూలితే ఎవరికీ తెలియకపోవడం ఎలా సాధ్యమని అడిగేవాళ్లుంటారు. పెద్ద విమానాల సంగతి వేరు. వాటి కోసం అటు రాడార్, ఇటు విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ, గమ్యంలో ఎదురుచూసే జనం ఉంటారు. సొంత విమానం ఉన్నవాడు అమెరికాలో వాతావరణం బాగున్న రోజున, కళ్లతో దారి చూసుకుంటూ, ముందుగా ఫ్లైట్ ప్లాన్ ఇవ్వకుండానే చాలా చోట్ల ఎగరవచ్చు. రాడార్ తరంగాలు తిన్నగా వెళ్తాయి కాబట్టి కొండ చాటున తక్కువ ఎత్తులో ఎగిరేది వాటికి చిక్కదు. కూలాక మిగిలేది నలిగిన రేకు. అడవిలో పడితే చెట్ల కొమ్మలు దాన్ని కప్పేస్తాయి. రాళ్ల మధ్య పడితే అదీ ఒక రాయిలాగే కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఫలానా గంటకు రావాలి, ఇంకా రాలేదేమని ఎవరైనా అనుకోవాలి. అలా అనుకునేవాళ్లు లేకపోతే గాలింపు మొదలే కాదు.

వెతికేవాళ్లున్నా ఎంత కష్టమో మనకు తెలుసు. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్‌తో గంట గడిచేలోపే సంబంధాలు తెగిపోయాయి. ప్రభుత్వ యంత్రాంగమంతా కదిలినా, నల్లమలలో పావురాలగుట్ట మీద శకలాలు కనబడింది మర్నాడు ఉదయమే. ముఖ్యమంత్రి విషయంలోనే అలా జరిగితే, ఎవరికీ చెప్పకుండా బయల్దేరిన ఒంటరి పైలట్ మాటేమిటి?

పెట్టె కథకు వద్దాం. విమానాల్లో ఈఎల్‌టీ ఉండాలన్న నిబంధనను అమెరికా 1970 డిసెంబరులో కార్మికుల భద్రత కోసం వచ్చిన చట్టంలోనే ఒక సెక్షన్‌గా చేర్చింది. అమలుకు గడువిచ్చారు. ఆ గడువు తీరకముందే, 1972 అక్టోబరు 16న అలాస్కాలో యాంకరేజ్ నుంచి జూనో వెళ్తున్న సెస్నా 310 మాయమైంది. అందులో ప్రతినిధుల సభ మెజారిటీ నాయకుడు హేల్ బాగ్స్, మరో సభ్యుడు నిక్ బెగిచ్ ఉన్నారు. 39 రోజులు వెతికారు. ఏ బీకన్ (ఇలాంటి పెట్టెకు మరో పేరు) పిలుపూ వినిపించలేదు. ఆ విమానం ఇప్పటికీ దొరకలేదు.

తొలి తరం పెట్టెలో యంత్రాంగం సులువైనదే. బస్సు గట్టిగా బ్రేకు వేస్తే నిలబడ్డవాడు ముందుకు తూలతాడు కదా. లోపల స్ప్రింగు బిగించిన చిన్న లోహపు బంతి కూడా, విమానం దేన్నో ఢీకొని ఒక్కసారిగా ఆగితే, అలాగే ముందుకు దూకి స్విచ్చిని తాకుతుంది. వెంటనే 121.5 మెగాహెర్ట్జ్ మీద హెచ్చుతగ్గుల ఈల మొదలవుతుంది. ఒక వాట్‌లో పదో వంతు శక్తి. దగ్గర్లో ఎగిరే పైలట్ ఎవరైనా ఆ చానెల్ వింటూ ఉంటేనే ఫలితం.

చిక్కేమిటంటే, కూలినప్పుడు అదిరేది బంతి ఒక్కటే కాదు. యాంటెన్నా విరుగుతుంది, తీగ తెగుతుంది, మంటల్లో పెట్టె మాడుతుంది, నీళ్లలో మునుగుతుంది. పక్కవాటుగా పడితే బంతి కదలకపోవచ్చు. మరోపక్క గట్టిగా నేలకు దిగినా, షెడ్డులో ఎవరైనా తగిలించినా అది మోగేది. అందిన పిలుపుల్లో నూటికి 97 దాకా ఉత్తుత్తివే. 2004లో ఒరెగాన్‌లో ఒక కుర్రాడి ఇంటి తలుపు తట్టిన రక్షణ సిబ్బందికి ఆ పిలుపు అతని టీవీలోంచి వస్తోందని తెలిసింది. ఏదో లోపం వల్ల అది 121.5 మీద తరంగాలు వదులుతోంది.

ఈ పిలుపుకు ఆకాశంలో చెవులు పుట్టింది ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ 1979లో ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి మీద ఒకరు క్షిపణులు గురిపెట్టుకున్న దేశాలు తప్పిపోయినవాళ్ల కోసం చేయి కలిపిన ఈ కాస్పస్-సార్సాట్ వ్యవస్థ మీద నాకు గొప్ప గౌరవం. తొలి ఉపగ్రహాన్ని సోవియట్లు 1982 జూన్ 30న పంపారు. ఆ సెప్టెంబరులోనే కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూలిన చిన్న విమానం పిలుపును అది పట్టింది. ముగ్గురు బతికి బయటపడ్డారు.

ఉపగ్రహం చోటును పసిగట్టే తీరు రైలు కూతను గుర్తు చేస్తుంది. రైలు దగ్గరకొస్తుంటే కూత సన్నగా, దాటి వెళ్లాక బొంగురుగా వినిపిస్తుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. బీకన్ మీదుగా సాగే ఉపగ్రహానికి కూడా పౌనఃపున్యం ఇలాగే మారుతూ అందుతుంది. ఆ మార్పును గీస్తే వచ్చే వంపును బట్టి చోటును లెక్కకడతారు. పాత 121.5తో ఆ లెక్క సుమారు 20 కిలోమీటర్ల తేడాతో తేలేది. కొండల్లో 20 కిలోమీటర్లంటే ఎంతో ఊహించుకోండి.

అందుకే 406 మెగాహెర్ట్జ్ పెట్టెలు వచ్చాయి. దాదాపు 50 సెకన్లకోసారి, అర సెకను పాటు, 5 వాట్ల బలంతో ఒక సందేశం. అందులో ఆ పెట్టెకు మాత్రమే చెందిన సంకేతం ఉంటుంది. జీపీఎస్ కలిపితే చోటు వంద మీటర్లలోపు తెలుస్తుంది. మన దేశంలో ఈ పిలుపులను ఇస్రో వినే కేంద్రాలు బెంగళూరు, లక్నోల్లో ఉన్నాయి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5ను వినడం మానేశాయి. అయినా ఆ పాత పెట్టెలతోనే ఎగిరే చిన్న విమానాలు అమెరికాలో ఇంకా ఉన్నాయి. అక్కడి చట్టం వాటిని 406కు మారమని బలవంతం చేయలేదు. ఇది తప్పని నా అభిప్రాయం.

పిలుపు అందకపోతే ఏమవుతుందో తెలియాలంటే స్టీవ్ ఫాసెట్ సంగతి చూడండి. బెలూన్‌లో ఒంటరిగా భూమిని చుట్టిన తొలి మనిషి. 2007 సెప్టెంబరు 3న నెవడాలోని ఒక రాంచ్ నుంచి రెండు సీట్ల విమానంలో, ఫ్లైట్ ప్లాన్ ఇవ్వకుండా బయల్దేరాడు. తిరిగి రాలేదు. బీకన్ పిలుపు అందలేదు. వేలాది చదరపు కిలోమీటర్లు గాలించారు. ఉపగ్రహ చిత్రాలను జనం ఇళ్లలో కూర్చుని కంప్యూటర్లలో జల్లెడ పట్టారు. ఏడాది దాటాక ఒక కొండదారిలో నడిచిపోయే మనిషికి అతని గుర్తింపు కార్డులు దొరికాయి. 2008 అక్టోబరు 1న సియెరా నెవడా పర్వతాల్లో శకలాలు కనబడ్డాయి. కిందికి తోసే గాలుల్లో విమానం పైకి లేవలేకపోయిందని దర్యాప్తు తేల్చింది.

కాస్పస్-సార్సాట్ ద్వారా ఇప్పటిదాకా ప్రపంచంలో 50 వేల మందికి పైగా బతికారు. అయితే బీకన్ సంకేతం చేరగానే మొదట మోగేది ఫోను. బీకన్ నమోదు చేసినవాళ్లు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, మనిషి ఎక్కడున్నాడని అడుగుతారు. నిజమా, ఉత్తుత్తిదా అన్నది అక్కడే తేలుతుంది. అమెరికాలో, ఇక్కడా విమానం నడపడం నేర్చుకుంటున్న మన పిల్లలకు ఒక్కటే విన్నపం. బీకన్ మీ పేరున ఉంటే, నంబరు మారిన రోజే ఆ నమోదులోనూ మార్చండి. బయల్దేరేముందు ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి దిగుతారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.