పెట్టె లేని వెతుకులాటకూ అనుమతి

ఉపగ్రహాల సాయంతో చోటు కనిపెట్టి, దాచిన పెట్టెను వెతికే ఆట జియోకాషింగ్. అది 2000లో అమెరికాలో పుట్టింది. 2004లో వచ్చిన ఎర్త్‌కాష్‌లో పెట్టె ఉండదు. అక్కడి రాతిపొరలను పరిశీలించి ప్రశ్నలకు జవాబులు పంపాలి.

ఏమీ దాచనప్పుడు అనుమతి ఎందుకంటారా? పెట్టె లేకపోయినా మనుషులు వస్తారు. పదిమంది నడిస్తే బాట పడుతుంది, మొక్కలు నలుగుతాయి. అందుకే 1964 చట్టం కింద అమెరికా కాపాడుతున్న అడవుల్లో ఎర్త్‌కాష్ పెట్టదలిస్తే ముందుగా అక్కడి అధికారులను అడగాలి. రాతిముక్క కూడా తీయించరాదు.

మన అభయారణ్యాల్లో అడుగుపెట్టడానికీ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. రాళ్లు చూడబోయే ముందు అటవీశాఖ కార్యాలయంలో అడగండి.